తిరగాల్సింది నడుము కాదు



కిందటి చలికాలంలో ఒక పెద్దాయన మా ఫిజియోథెరపీ క్లినిక్‌కి వచ్చారు. 58 ఏళ్లు, ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. రెండు చేతులూ బల్ల మీద ఆనించి, ఎడమవైపుకు కాస్త ఒరిగి, నిలబడే మాట్లాడారు. "ఆదివారం గోల్ఫ్ ఆడానమ్మా. పద్నాలుగో హోల్ దగ్గర బంతి కొట్టి తిరిగేసరికి నడుం కుడివైపు పట్టేసింది. క్లబ్బు కర్రలా ఊతం పెట్టుకుని కారు దాకా నడిచాను" అన్నారు.

ఆయన చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. అందులో ఎం.ఆర్.ఐ. ఫిల్ములు, పాత మందుల చీటీలు. అప్పటికే నడుముకి బెల్టు కట్టుకుని ఉన్నారు. కరెంటు పెట్టించుకున్నారు, ట్రాక్షన్ పెట్టించుకున్నారు, నూనె రాయించుకున్నారు. వారం రోజులు తగ్గినట్టే ఉంటుంది, మళ్లీ ఆడగానే తిరగబెడుతుంది. ఏడాదిగా ఇదే తంతు. ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు మడిచి, ఎడమ తుంటి కీలు లోపలికి తిప్పి చూశాను. పది డిగ్రీలు కూడా తిరగలేదు. కొయ్య బిగుసుకున్నట్టు బిగుసుకుపోయి ఉంది. ఏడాది పాటు అందరూ ఆయన నడుము చూశారు. తుంటి చూసినవాళ్లు లేరు.

ఈ పూట నేను మీతో చెప్పాలనుకున్నది ఆ తుంటి సంగతే. గోల్ఫ్ ఆడేవాళ్ల నడుము నొప్పి చాలామందిలో నడుము చేసిన తప్పు కాదు. తుంటి, వీపు పైభాగం తిరగడం మానేస్తే, వాటి పని కూడా నడుమే చేయాల్సి వస్తుంది. అత్త మీద కోపం దుత్త మీద తీసినట్టు, దెబ్బ నడుము తింటుంది.

గోల్ఫ్ మనకి దూరపు ఆటేమీ కాదు ఇప్పుడు. గోల్కొండ కోట గోడల పక్కనే గోల్ఫ్ కోర్సు ఉంది. గచ్చిబౌలి వైపు బౌల్డర్ హిల్స్ ఉంది. విశాఖలో ఈస్ట్ పాయింట్ క్లబ్బు ఉంది. అమెరికాలో ఉన్న మన పిల్లలు నలభై దాటాక ఈ ఆట మొదలుపెట్టి, నడుం పట్టేసిందని రాత్రిపూట ఫోన్లు చేస్తున్నారు. చూడ్డానికి ఇది నెమ్మదైన ఆట. పరుగులు లేవు, ఒకరినొకరు ఢీకొట్టుకోవడం లేదు. అయినా గోల్ఫ్ వల్ల వచ్చే దెబ్బల్లో నడుము ముందు వరసలో ఉంటుంది.

ఎందుకో చూద్దాం. కుడిచేతి వాటం ఆటగాడిని మనసులో పెట్టుకోండి. క్లబ్బు వెనక్కి ఎత్తినప్పుడు అతని భుజాలు దాదాపు 90 డిగ్రీలు కుడివైపుకు తిరుగుతాయి. కటి, అంటే నడుము కింది ఎముకల భాగం, అందులో సగం, 45 డిగ్రీల దాకా తిరుగుతుంది. అక్కడి నుంచి కిందికి వచ్చి బంతిని తాకడానికి పట్టే సమయం సెకనులో మూడో వంతు కూడా ఉండదు. ఆ కాస్త సమయంలో ఒళ్లంతా ఎడమవైపుకు విసురుగా తిరగాలి. బరువంతా ఎడమ కాలి మీదికి వస్తుంది. ఎడమ తొడ ఎముక మీద కటి తిరుగుతుంది. మా భాషలో దీన్ని ఎడమ తుంటి లోపలికి తిరగడం అంటాం.

మన నడుములో ఐదు వెన్నుపూసలు ఉంటాయి. ముందుకు వంగడానికి, వెనక్కి వంగడానికి అవి బాగా పనికివస్తాయి. పక్కలకు తిరగడానికి మాత్రం వాటి నిర్మాణం ఒప్పుకోదు. వెనకవైపు కీళ్లు తలుపు గడియల్లా ఒకదానికొకటి అడ్డుపడతాయి. ఒక్కో పూస రెండు మూడు డిగ్రీలకు మించి తిరగదు. ఐదూ కలిపినా ఒక్కో వైపుకు పది, పదిహేను డిగ్రీలే. పక్కటెముకలు అంటుకుని ఉన్న వీపు భాగం అయితే 30 డిగ్రీల పైన తిరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న తుంటి 35, 40 డిగ్రీలు లోపలికి తిరుగుతుంది. లెక్క మీకే అర్థమవుతుంది. వీపు, తుంటి తమ వాటా ఇస్తే నడుముకి పెద్దగా పని ఉండదు. అవి ఇవ్వకపోతే, ఆ లోటంతా పది డిగ్రీల నడుము పూడ్చాలి.

మన ఇళ్లలో తిరగలి ఉండేది. కింది రాయి కదలదు, పై రాయి తిరుగుతుంది, మధ్యలో పడ్డ గింజ నలుగుతుంది. బిగుసుకున్న తుంటి కింది రాయి అయితే, ఊపుగా తిరిగే భుజాలు పై రాయి. మధ్యలో నలిగేది నడుములోని డిస్కులు, చిన్న కీళ్లు. 1990 ప్రాంతంలో అమెరికాలో గోల్ఫ్ స్వింగులో నడుము మీద పడే ఒత్తిడిని లెక్కకట్టారు. ఒంటి బరువుకి ఎనిమిది రెట్ల దాకా వచ్చింది. 70 కిలోల మనిషికి అది 560 కిలోలు. పక్కకు వంచే బలం, పూసను పూస మీద జరిపే బలం చూస్తే, ఆరితేరిన ఆటగాళ్ల కన్నా సరదాకి ఆడేవాళ్ల నడుము మీదే ఎక్కువ పడ్డాయి. నేర్పు ఉన్నవాడు ఒళ్లంతా కలిపి కొడతాడు. నేర్పు తక్కువైనవాడు నడుముతో కొడతాడు.

మీ తుంటి ఎలా ఉందో ఇప్పుడే చూసుకోవచ్చు. ఎత్తైన మంచం అంచునో, బల్ల మీదో కూర్చోండి. పాదాలు నేలకి తగలకూడదు. రెండు మోకాళ్ల మధ్య ఒక పిడికిలి పట్టేంత సందు ఉంచండి. మోకాలి కింది భాగం గడియారంలో ఆరు చూపించే ముల్లులా నిటారుగా వేలాడుతుంది కదా. తొడ కదలకుండా, పిరుదు లేవకుండా, ఎడమ పాదాన్ని బయటివైపుకు ఎత్తండి. పాదం బయటికి పోతోంది, తుంటి లోపలికి తిరుగుతోంది. ఆరు దగ్గరున్న ముల్లు పక్క అంకె దాకా వెళితే 30 డిగ్రీలు. అక్కడి దాకా వస్తే ఫర్వాలేదు. సగంలోనే ఆగిపోతే మీ తుంటి అప్పు పడి ఉందని అర్థం. కుడివైపు కూడా చూడండి. ఎందుకిలా బిగుస్తుందంటే, కాలు చాపి కారులో, కుర్చీలో గంటల తరబడి కూర్చునే ఉద్యోగాలు మనవి. పీట మీద కూర్చుని తినడం, గొంతుకిళ్లా కూర్చోవడం తగ్గిపోయాక తుంటికి పూర్తిగా కదిలే అవకాశం రోజులో ఒక్కసారి కూడా రావడం లేదు చాలామందికి.

ఇప్పుడు నొప్పి వచ్చినవాళ్ల సంగతి. ముందు ఒక హెచ్చరిక చెప్పాలి, ఇది శ్రద్ధగా వినండి. నడుము నొప్పితో పాటు మూత్రం, మలం మీద అదుపు తప్పినా, మూత్రం రావడం ఆగిపోయినా, తొడల మధ్య జీను తగిలే చోట స్పర్శ పోయినా, పాదం పైకి లేవక నడకలో ఈడ్చుకుపోతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రేపు చూద్దాం అనుకోకూడదు. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, అంతకుముందు కేన్సర్ వచ్చి ఉండటం, పెద్దవయసులో జారిపడ్డాక మొదలైన నొప్పి, వీటిలో ఏది ఉన్నా ముందు డాక్టరు చూడాలి, తర్వాతే ఫిజియో.

ఇవేవీ లేకపోతే భయపడొద్దు. చాలా నడుము నొప్పులు కొన్ని వారాల్లో తగ్గుతాయి. భయం ఎక్కువగా ఎం.ఆర్.ఐ. కాగితం చదివినప్పుడు పుడుతుంది. డిస్కు అరిగింది, డిస్కు ఉబ్బింది అని రాసి ఉంటుంది. 2015లో ఒక పెద్ద అధ్యయనం ఏ నొప్పీ లేనివాళ్ల స్కానింగులను కూర్చి చూసింది. ఇరవై ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్కులు అరిగి కనిపించాయి. ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి. వీళ్లెవరికీ నొప్పి లేదు. జుట్టు నెరిసినట్టే డిస్కూ నెరుస్తుంది. ఆ కాగితం చూసి గోల్ఫ్ మానేసినవాళ్లు, నేల మీద కూర్చోవడం మానేసినవాళ్లు నాకు తెలుసు. ఆ భయం వాళ్లకి డిస్కు కన్నా ఎక్కువ నష్టం చేసింది.

ఇక పడక సంగతి. నడుం పట్టేస్తే నెల రోజులు చెక్క మంచం మీద పడుకోమనేవారు ఒకప్పుడు. 1986లోనే అమెరికా వైద్యులు రెండు రోజుల పడకనీ, ఏడు రోజుల పడకనీ పోల్చారు. నొప్పి తగ్గడంలో తేడా లేదు. రెండు రోజులు పడుకున్నవాళ్లు ముందే పనికి వెళ్లారు, అంతే. కదలలేని నొప్పి ఉన్న మొదటి రోజో రెండు రోజులో ఒళ్లు వాల్చండి. వేడి కాపడం పెట్టుకోండి. డాక్టరు చెప్పిన మాత్ర వేసుకోండి. తర్వాత లేచి ఇంట్లోనే గంటకోసారి నాలుగు అడుగులు వేయండి. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో నడుం తన్నించుకునే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. దయచేసి వద్దు. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లకి ఆ ఒక్క తన్నుతో పూస విరగవచ్చు.

నొప్పి కాల్లోకి జివ్వున లాగేవాళ్లకి ఒక కథ చెబుతాను. 1956లో న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి ఒక రోగి వచ్చాడు. నడుము నుంచి మోకాలి దాకా లాగే నొప్పి, మూడు వారాల వైద్యానికి లొంగలేదు. లోపలికి వెళ్లి బోర్లా పడుకోమని చెప్పి మెకెంజీ వేరే పనిలో పడ్డాడు. ఆ గదిలో మంచం తలవైపు భాగం అంతకుముందు ఎవరికోసమో పైకి ఎత్తిపెట్టి ఉంది. రోగి దాని మీదే బోర్లా పడుకున్నాడు. నడుము బాగా వెనక్కి వంగిపోయింది. కాసేపటికి వచ్చి చూసిన మెకెంజీ కంగారుపడ్డాడు. రోగి మాత్రం కాలి నొప్పి పోయిందన్నాడు. ఆ పొరపాటులోంచి ఒక వైద్య పద్ధతి పుట్టింది. దాని సారం ఇది: ఏ కదలికతో నొప్పి కాలి నుంచి పైకి, నడుము మధ్యకి చేరుకుంటుందో ఆ కదలిక మీకు మంచిది. నడుములో కాస్త ఎక్కువైనా సరే, కాలు ఖాళీ అవుతుంటే దారి సరైనదే. ఏ కదలికతో నొప్పి పాదం వైపు దిగుతుందో అది వెంటనే ఆపాలి.

అయితే వెనక్కి వంగడం అందరికీ మందు కాదు. గోల్ఫర్లలో కుడివైపు చిన్న కీళ్లు నొప్పి పెట్టేవాళ్లు చాలామంది ఉంటారు. బంతి కొట్టాక వీపు విల్లులా వెనక్కి వంచి ఆగే అలవాటు ఉన్నవాళ్లు వీళ్లు. వీళ్లకి వెనక్కి వంగితే ఎక్కువవుతుంది. ఎవరికి ఏది అన్నది ఒళ్లు పరీక్షించి చెప్పాల్సిన మాట. యూట్యూబ్‌లో అందరికీ ఒకటే చెబుతారు.

నొప్పి కొంచెం లొంగాక అసలు పని మొదలవుతుంది. నేను ఆ ఇంజనీరు గారికి ఇచ్చినవి నాలుగే ఎక్సర్‌సైజులు. మొదటిది తుంటికి. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పాదాలు చాప వెడల్పున దూరంగా పెట్టి, ఒక్కో మోకాలిని మెల్లగా లోపలికి నేలవైపు వాల్చడం. నడుము చాపకి ఆనే ఉండాలి. ఒక్కో వైపు పదిసార్లు, పొద్దున, సాయంత్రం. రెండోది వీపుకి. పక్కకు తిరిగి పడుకుని, మోకాళ్లు మడిచి ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండు చేతులూ ముందుకు చాపి, పై చేతిని పుస్తకం తెరిచినట్టు వెనక్కి తెరవడం. కళ్లు ఆ చేతినే అనుసరించాలి. మోకాళ్లు విడిపోకూడదు. అవి విడిపోతే తిరిగేది వీపు కాదు, నడుము.

మూడోది నడుముని నిలబెట్టేది. చేతులు, మోకాళ్ల మీద ఆవులా నిలబడి, కుడి చేయి ముందుకు, ఎడమ కాలు వెనక్కి చాపి, పది సెకన్లు ఆపి దించడం. తర్వాత రెండో వైపు. నడుము మీద నీళ్ల గ్లాసు పెడితే తొణకనంత నిలకడగా ఉండాలి. నాలుగోది వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులు పైకెత్తడం. స్వింగుకి ఊపు పుట్టాల్సింది పిరుదుల్లో. అవి మొద్దుబారితే ఆ ఊపు కూడా నడుమే పుట్టించాలి.

ఈ నాలుగూ కలిపి పావుగంట. కరెంటు పెట్టే యంత్రం కింద అరగంట పడుకోవడం హాయిగా ఉంటుంది, ఇది కష్టంగా ఉంటుంది. కానీ యంత్రం తుంటిని తిప్పలేదు, పిరుదుకి బలం ఇవ్వలేదు. బెల్టు కూడా అంతే. నొప్పి తీవ్రంగా ఉన్న రోజుల్లో కొన్ని గంటలు కట్టుకుంటే తప్పులేదు. నెలల తరబడి దాన్నే నమ్ముకోవడం మాత్రం నేను ఒప్పుకోను.

మళ్లీ ఆటకి ఎప్పుడు వెళ్లొచ్చు అని అందరూ అడుగుతారు. కాల్లో నొప్పి లేకుండా, అరగంట నడవగలిగి, నడుము నాలుగు వైపులా భయం లేకుండా కదిలినప్పుడు. అప్పుడు కూడా బంతిని మెల్లగా దొర్లించే పుట్టర్‌తో మొదలుపెట్టాలి. మరో వారం చిన్న షాట్లు. తర్వాత సగం స్వింగు. తర్వాత ఐరన్ క్లబ్బులతో పూర్తి స్వింగు. దూరం కొట్టే పొడవాటి క్లబ్బు, డ్రైవర్, అన్నిటికన్నా చివర. ఆరు వారాలు పడితే పట్టనివ్వండి. ఈ లోపు మీ కోచ్‌తో కూర్చుని మాట్లాడండి. తుంటి తిరగని మనిషికి పాదాలు బిగబెట్టి కొట్టే స్వింగు నేర్పకూడదు. క్లబ్బు ఎత్తేటప్పుడు ఎడమ మడమ కాస్త లేవనివ్వండి. ఎడమ పాదం వేళ్లు కొంచెం బయటికి తిప్పి నిలబడండి. నడుముకి చాలా బరువు తగ్గుతుంది. మడమ ఎత్తి ఆడితే ఆట పోతుందేమో అనుకోకండి. 18 మేజర్ టైటిళ్లు గెలిచిన జాక్ నిక్లాస్ మడమ ఎత్తే ఆడాడు.

టైగర్ వుడ్స్ ఆపరేషన్ చేయించుకుని గెలవలేదా అని అడుగుతారు కొందరు. గెలిచాడు. 2014 నుంచి 2017 వరకు ఆయన నడుముకి నాలుగు ఆపరేషన్లయ్యాయి. నాలుగోదాంట్లో నడుము చివరి డిస్కు తీసేసి, రెండు ఎముకలనూ కలిపేశారు. 2019 ఏప్రిల్‌లో అగస్టాలో మాస్టర్స్ గెలిచాడు, అప్పటికి 43 ఏళ్లు. ఆ రోజు టీవీ ముందు నేనూ కన్నీళ్లు పెట్టుకున్నాను. కానీ ఆ తర్వాత కూడా ఆయన నడుముకి మళ్లీ ఆపరేషన్లు చేయాల్సి వచ్చింది. అది చివరి దారి. మిగతా దారులన్నీ నిజాయితీగా నడిచి చూశాకే అటు వెళ్లాలి.

నొప్పి రానివాళ్లకి రెండు మాటలు. మన దగ్గర ఎండకి భయపడి ఆరింటికే ఆట మొదలుపెడతారు. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి. నిద్ర లేచిన మొదటి గంటలో నడుము వంచితే వాటి మీద ఒత్తిడి చాలా ఎక్కువ. అందుకని ఆటకి గంట ముందైనా లేవండి. ఇంట్లో తిరగండి. కారు దిగి నేరుగా డ్రైవర్ అందుకోకండి. 2003లో జర్మనీలో 700 మందికి పైగా గోల్ఫర్లను పరిశీలిస్తే, పది నిమిషాలైనా ఒళ్లు వేడెక్కించి ఆడేవాళ్లకి దెబ్బలు సగం కన్నా తక్కువ. పది నిమిషాలు వేగంగా నడిచి, క్లబ్బు భుజాల మీద అడ్డంగా పెట్టుకుని నెమ్మదిగా అటూ ఇటూ తిరిగి, చిన్న క్లబ్బుతో పది బంతులు కొట్టి అప్పుడు మొదలుపెట్టండి. ప్రాక్టీసు రేంజిలో బకెట్ల కొద్దీ బంతులు ఆపకుండా కొట్టొద్దు. బంతికీ బంతికీ మధ్య ఊపిరి పీల్చుకునేంత సమయం ఇవ్వండి. హోల్‌లోంచి బంతి తీసేటప్పుడు ఒక చేత్తో పుట్టర్ మీద ఆనుకుని, ఒక కాలు వెనక్కి లేపి, నడుము నిటారుగా ఉంచి వంగండి. మా చదువులో ఈ వంగే పద్ధతి పేరే గోల్ఫర్ లిఫ్ట్. గోల్ఫ్ ఎన్నడూ చూడని గృహిణులకి కూడా మేం ఇదే నేర్పుతాం.

ఆ జర్మనీ పరిశీలనలోనే ఇంకో సంగతి తేలింది. బ్యాగు మోసేవాళ్లకి నడుము, భుజం, చీలమండ దెబ్బలు ఎక్కువ. వాళ్లు తమ బ్యాగు తామే మోసుకున్న ఆటగాళ్లు. మన దగ్గర మోసేది కేడీ. 18 హోల్స్ ఆడితే ఆరు కిలోమీటర్ల పైనే నడక. కొందరు పొద్దున ఒక రౌండు, మధ్యాహ్నం ఒక రౌండు మోస్తారు. వాళ్ల నడుము పడితే ఆ రోజు కూలి పోతుంది. మా క్లినిక్‌కి వచ్చే కేడీలు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. నొప్పి లేక కాదు, రాలేక.

ఇంజనీరు గారు ఇప్పుడు వారానికి రెండుసార్లు ఆడుతున్నారు. ఎడమ తుంటి 25 డిగ్రీల దాకా వచ్చింది. మొన్న తన కేడీని వెంటబెట్టుకుని వచ్చి, "ఇతనికి కూడా ఆ నాలుగూ నేర్పండమ్మా" అన్నారు. నేర్పాను.

గోల్ఫ్ ఆడే శ్రోతలకు నా మనవి ఒకటి ఉంది. ఈ రాత్రి మంచం అంచున కూర్చుని మీ తుంటి చూసుకోండి. తర్వాత మీ బ్యాగు ఎత్తి చూడండి. ఆటలో 14 క్లబ్బులకు మించి ఉండకూడదన్నది నియమం. 14 ఉండి తీరాలని ఎక్కడా లేదు. మీరు ఆడని క్లబ్బులు ఇంట్లో పెట్టి వెళ్లండి. మోసేవాళ్ల బ్యాగుకి రెండు భుజాల పట్టీలు ఉండేలా చూడండి, వీలైతే తోపుడు ట్రాలీ ఇవ్వండి.